ఇంటికొచ్చి చూస్తే వదిన కాళ్ళు పొంగి ఉన్నాయి

2024 సంక్రాంతికి మూడు రోజుల ముందు, తెల్లవారుజామున, చెన్నై నుంచి వచ్చే మెయిలు దిగి పలాస స్టేషను బయటికి వచ్చాము. మొత్తం తొమ్మిది మందిమి. ఎనిమిది మంది చెన్నైలో భవన నిర్మాణం పనులకు వలసపోయిన మన ఉద్దానం కూలీలు. తొమ్మిదో మనిషిమి మేము. వలసపోయిన వ్యవసాయ కార్మికులు అక్కడ ఎలా బతుకుతున్నారో చూడమనీ, మేస్త్రీలు ఎగ్గొట్టిన కూలి రాబట్టడానికి తోడుండమనీ సంఘం పంపితే వెళ్ళాము. ఐదు నెలలు వాళ్ళ రేకుల షెడ్లలోనే పడుకుని, వాళ్ళ కుండలోని కూడే తిని, వాళ్ళతోనే తిరిగొచ్చాము.

జనరల్ పెట్టెలో రాత్రంతా నిలబడే ప్రయాణం. అయినా ఎవరి మొహంలోనూ అలసట కనపడలేదు. ఒకతని సంచిలో కూతురికి కొత్త పరికిణీ, ఒకతని చంకలో తండ్రికి కొన్న దుప్పటి. ఇరవై ఆరేళ్ళ కుర్రవాడొకడు తల్లికి కొన్న సెల్‌ఫోను పెట్టెను దారి పొడుగునా తీసి చూసుకుంటూనే ఉన్నాడు. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "బాగున్నారంటండి. నిన్న ఫోన్లో చెప్పినారు."

మేమూ అదే అనుకున్నాము. వారానికొకసారి ఇంటికి ఫోను చేస్తూనే ఉన్నాము గదా!

వజ్రపుకొత్తూరు వైపు పోయే ఆటో ఎక్కాము. దారికి రెండు పక్కలా కొబ్బరి, జీడి, పనస తోటలు. ఉద్యానవనం అనే మాటే జనం నోట ఉద్దానం అయిందంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను విరిచేసిన చెట్ల మోళ్ళు ఇంకా అక్కడక్కడా కనపడుతూనే ఉన్నాయి. కొబ్బరి మొక్క పెట్టి కాయ కోసుకోవాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళు కూలివాడి పొయ్యి ఎలా వెలగాలి? అందుకే ఆ తుఫాను తర్వాత మన పిల్లలు ఇంకా ఎక్కువగా రైలెక్కారు.

వదిన గడప దాటి రాలేదు

మా తల్లి చిన్నప్పుడే పోయింది. మమ్మల్ని పెంచింది మా వదిన. మేము సంఘం పని మీద ఎక్కడికి పోయి ఏ అర్ధరాత్రి వచ్చినా, చెప్పుల చప్పుడు విని దీపం పట్టుకుని ఎదురొచ్చే మనిషి. ఆ రోజు ఎదురు రాలేదు. అరుగు మీద గోడకానుకుని కూర్చుంది. "వచ్చినావా బావూ" అన్నది గాని లేవలేదు. చీర అంచు కిందికి లాగి పాదాలు కప్పుకుంది.

మేము పక్కన కూర్చుని పాదం మీద వేలు పెట్టి నొక్కాము. పడిన గుంట అలాగే ఉండిపోయింది.

ఆ గుంట అంటే ఏమిటో ఉద్దానంలో చిన్న పిల్లాడికి కూడా తెలుసు. ఏ ఊరికి పోయినా ఇలాంటి పాదాలే చూస్తున్నాము. సభల్లో దీని గురించి మైకు పట్టుకుని మాట్లాడాము. తహసిల్దారు కార్యాలయం ముందు కూర్చున్నాము. కరపత్రాలు వేశాము. ఇంత చేసీ, సొంత ఇంటి అరుగు మీద చూసేసరికి మా నోట మాట రాలేదు.

"ఎన్నాళ్ళ నుంచి వదినా?"

"దసరా కాడ నుంచి. మొదట సాయంకాలం పొంగీవి, తెల్లారితే తగ్గిపోయీవి. ఇప్పుడు తగ్గడం లేదు. నోరు బాగోలేదు. కూడు చూస్తే వాంతొచ్చినట్టుంటంది."

"మరి ఫోన్లో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏటి చేస్తావు? అక్కడ పని వదిలేసి వచ్చేస్తావు. వచ్చి నా కాళ్ళు చూస్తావు. అంతే గదా!"

మా అన్న కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే కార్మికుడు. మూలన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. తలెత్తలేదు. ఆయనకూ తెలుసు. ఇద్దరూ కూడబలుక్కుని మాకు చెప్పలేదు.

"ఒకసారన్నా రక్తం చూపించుకున్నావా?" అని అడిగాము. అప్పుడు వదిన అన్న మాట ఇక్కడ రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

"ఊరూరా తిరిగి అందరికీ రక్తం చూపించుకోండర్రా అని చెప్పీవోడివి, ఇన్నేళ్ళలో ఒక్క రోజన్నా, వదినా పద, నీ రక్తం చూపిద్దాం అన్నావా?"

అనలేదు. ఇది మా తప్పు. ఇందులో పాలకుల మీద తోసేది ఏమీ లేదు. తోటి కార్యకర్తలు కూడా ఇది చదివి తమ ఇంటి అరుగు వైపు ఒకసారి చూసుకుంటారని దాచకుండా రాస్తున్నాము.

చీటీ మీద రాసిన అంకె

పండుగ వెళ్ళిన మర్నాడే ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయాము. రక్తం తీశారు. చీటీ మీద సీరం క్రియాటినిన్ 2.9 అని వచ్చింది. మామూలు మనిషికి అది ఒకటికి అటూ ఇటూగా ఉంటుంది. ఒంట్లో కండ కదిలి పని చేసినప్పుడు పుట్టే మలినం ఇది. మూత్రపిండం దాన్ని వడగట్టి బయటికి పంపాలి. వడపోత మందగించిన కొద్దీ రక్తంలో దాని అంకె పెరుగుతుంది.

ఆ డాక్టరు కుర్రవాడే. ఓపికగా చెప్పాడు. "అమ్మా, నీ కిడ్నీలు పూర్తిగా పోలేదు. పావు వంతు కన్నా తక్కువే పని చేస్తున్నాయి. ఆ ఉన్నదాన్ని కాపాడుకుంటే డయాలసిస్ చాలా రోజులు వెనక్కి నెట్టొచ్చు. పోయింది మాత్రం తిరిగి రాదు."

తర్వాత ఏమేం బిళ్ళలు మింగుతున్నావని అడిగాడు. వదిన కొంగు ముడి విప్పి రెండు రకాల గోలీలు బల్ల మీద పెట్టింది. ఒళ్ళు నొప్పులకు ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చినవి. డైక్లోఫెనాక్ బిళ్ళలు. రోజుకు ఒకటి, పని ఎక్కువైన రోజు రెండు. ఎన్నాళ్ళ నుంచి అంటే, "నాలుగైదేళ్ళు అయ్యుంటాది బావూ. అది మింగకపోతే నడుం లేవదు" అన్నది.

డాక్టరు ఆ బిళ్ళలు తీసి చెత్తబుట్టలో వేశాడు. ఉప్పు తగ్గించమన్నాడు. ఎండు చేపలు, ఊరగాయలు మానమన్నాడు. ఆకు పసర్లు, ఊరూపేరూ లేని భస్మాలు ముట్టుకోవద్దన్నాడు. చివరికి, "కొబ్బరి నీళ్ళు తాగొద్దు. నీ కిడ్నీలు ఈ స్థితిలో అందులోని పొటాషియంను బయటికి పంపలేవు. అది రక్తంలో పెరిగితే గుండెకే ప్రమాదం" అన్నాడు.

మా వదిన పుట్టింది కొబ్బరి చెట్టు కింద. మొగుడు దింపేది కొబ్బరి కాయలు. జ్వరం వచ్చినా, కడుపు నొప్పి వచ్చినా ఉద్దానంలో మొదటి మందు కొబ్బరి బొండామే. బయటికొచ్చాక, "నీల్లకి కూడా నోసుకోలేదు చూడు" అని నవ్వింది. మాకు నవ్వు రాలేదు.

షుగరు లేదు, బీపీ లేదు, మరి ఎందుకొచ్చింది?

కిడ్నీలు సాధారణంగా దెబ్బతినేది మధుమేహం వల్లా, రక్తపోటు వల్లా. మా వదినకు షుగరు లేదు. రక్తపోటు కూడా మొన్న మొన్నటి దాకా లేదు. ఉద్దానంలో చాలామంది రోగుల కథ ఇదే. వ్యవసాయం పనులు, తోట పనులు చేసుకునే మనుషులు. నడివయసుకు రాగానే మూత్రపిండాలు నెమ్మదిగా ఎండిపోతాయి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు - ఈ ఏడు మండలాల్లో ఈ జబ్బు కొన్ని దశాబ్దాలుగా కొంపలు కూలుస్తున్నది.

2019లో వెలువడిన ఒక వైద్య పరిశీలనలో ఉద్దానంలో రెండు వేలమందికి పైగా జనాన్ని పరీక్షించారు. నూటికి ఇంచుమించు 18 మందిలో మూత్రపిండాల జబ్బు కనపడింది. వారిలో ఎక్కువమందికి తెలిసిన కారణం ఏదీ దొరకలేదు. అందుకే వైద్యులు దీనికి 'కారణం తెలియని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి' అని పేరు పెట్టారు.

నీళ్ళలోని సిలికా అన్నారు. భార లోహాలు అన్నారు. పురుగు మందులు అన్నారు. వంశం అన్నారు. ఎండా, చెమటా అన్నారు. నొప్పి బిళ్ళలు అన్నారు. ఇదొక్కటే కారణం అని ఎవరూ తేల్చలేదు. అనేకం కలిసి కొడుతున్నాయన్నది చాలామంది వైద్యుల అభిప్రాయం.

దీని దొంగబుద్ధి ఇంకొకటి ఉంది. మొదట్లో నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. కాళ్ళు పొంగి, నోరు చేదయ్యేసరికే వడపోత చాలా భాగం పోయి ఉంటుంది. ఈ రకం జబ్బులో తొలి దశలో మూత్రంలో ప్రొటీను కూడా అంతగా పోకపోవచ్చు. అందుచేత మూత్రంలో కాగితం ముంచి చూసి 'బాగుంది పో' అంటే నమ్మి కూర్చోరాదు. రక్తంలో క్రియాటినిన్ కూడా చూడాలి. 'నాకేమీ నొప్పి లేదు గదా' అనే మనిషికే పరీక్ష ముందు కావాలి.

ఎక్కడెక్కడ చూసినా కూలీలకే

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. మన రాష్ట్రంలోనే ఎ.కొండూరు మండలం తండాల్లో మూత్రపిండాల జబ్బు లంబాడా కుటుంబాలను పీడిస్తున్నది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు 1990ల నుంచి ఇలాంటిదే ఉంది. సముద్రాలకు అవతల నికరాగువా, ఎల్‌సాల్వడార్ దేశాల్లో చెరకు నరికే కూలీల్లో పడుచువాళ్ళు సైతం వేల సంఖ్యలో దీనికి బలయ్యారు.

మిత్రులారా, ఈ జాబితా ఒకసారి మళ్ళీ చదవండి. వరి, చెరకు, కొబ్బరి, జీడి. దేశాలు వేరు, భాషలు వేరు, నీళ్ళు వేరు. కాని జబ్బు పడ్డవాళ్ళు మాత్రం ఎండలో వంగి పని చేసేవాళ్ళు.

నికరాగువా, ఎల్‌సాల్వడార్‌లలో పరిశోధకులు చెరకు తోటల్లోనే కూర్చుని చూశారు. తెల్లవారి పనికి పోయేటప్పుడు రక్తం, సాయంకాలం తిరిగొచ్చేటప్పుడు రక్తం. కాల్చిన చెరకును నరికేవాళ్ళు అందరికన్నా ఎక్కువ వేడిలో, ఎక్కువ వేగంతో పని చేస్తారు. ఎక్కువ దెబ్బ వాళ్ళ కిడ్నీలకే తగులుతున్నట్లు కనపడింది. ఎక్కువ నరికితేనే ఎక్కువ కూలి అనే పద్ధతిలో నీళ్ళు తాగడానికి ఆగితే కూలి తగ్గిపోతుంది గదా! తర్వాత కొన్ని తోటల్లో 'నీళ్ళు, విశ్రాంతి, నీడ' అని ఒక ఏర్పాటు పెట్టారు. చేతికందే దూరంలో మంచినీళ్ళు, గంట గంటకూ కొద్దిసేపు ఆగడం, ఆగినప్పుడు కూర్చోడానికి గుడారం నీడ. ఆ ఏర్పాటు పెంచిన కొద్దీ కిడ్నీలకు తగిలే దెబ్బ తగ్గుతూ వచ్చింది.

ఇందులో ఖరీదైన మందు ఏమన్నా ఉందా? నీళ్ళు, నీడ, విశ్రాంతి. మూడూ కూలి మనిషి నోరు తెరిచి అడగవలసినవే, సంఘం పెట్టి సాధించుకోవలసినవే.

మన దగ్గర మాత్రం? 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స ఉండాలని స్పష్టంగా రాసింది. ఎన్ని చెరువు గట్ల మీద ఆ నీడ చూశారో ఆ పనికి పోయిన కూలీలనే అడగండి.

మా వదిన జీడి షెడ్డులో పప్పు మీద పొట్టు తీసే పని చేసేది. కిలోల లెక్క కూలి. ఉదయం కూర్చుంటే సాయంకాలం దాకా లేవదు. నీళ్ళు ఎందుకు తాగవు వదినా అని ఇప్పుడడిగితే చెప్పింది: "తాగితే బయటికి ఎల్లాలి. అక్కడ ఆడోలకి దొడ్డి లేదు. తోటలోకి ఎల్లి వచ్చేసరికి అరకిలో పప్పు పోతాది. అందుకని ఎవులమూ తాగం."

ఆ షెడ్డు పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే అదొక్కటే అలా ఉందని అనుకుంటారు. వరి కోతల్లో, నాట్లలో, ఇటుక బట్టీల్లో పని చేసే అక్కచెల్లెళ్ళు ఈ మాట చదివితే తమ మాటేనంటారు. మరుగుదొడ్డి లేనిచోట ఆడకూలి దాహం చంపుకుంటుంది. దాహం చంపుకుంటే నొప్పి వస్తుంది. నొప్పికి గోలీ మింగుతుంది. నీరు తక్కువైన ఒంట్లో ఆ గోలీ కిడ్నీ మీద రెట్టింపు దెబ్బ కొడుతుంది. ఈ గొలుసు ఎక్కడ మొదలైంది? గోలీ దగ్గర కాదు, దొడ్డి లేని షెడ్డు దగ్గర.

ఆర్‌ఎంపీని తిట్టి ఊరుకుంటే సరిపోదు. రాత్రి పన్నెండింటికి పిలిచినా వచ్చేది ఆయనే. డబ్బు రేపిస్తానంటే ఒప్పుకునేదీ ఆయనే. ఆ గోలీ ప్రమాదం ఆయనకూ చెప్పాలి. నొప్పికి ఏది మింగవచ్చో, ఎంత మింగవచ్చో ఆసుపత్రిలో అడిగి తెలుసుకోవాలి.

తొమ్మిది ఇళ్ళలో

కనుమనాడు సాయంకాలం మాతో రైలు దిగిన ఎనిమిది మందినీ కలుసుకున్నాము. రైల్లో 'అందరూ బాగున్నారంట' అన్నవాళ్ళే. తండ్రికి దుప్పటి కొన్న మనిషి మొహం చూడగానే అర్థమైంది. ఆయన తండ్రి రెండు నెలలుగా డయాలసిస్ మీద ఉన్నాడు. కొడుకు పంపిన డబ్బులోంచే దారి ఖర్చు తీసుకుని వెళ్ళి వస్తున్నాడు. కొడుక్కి మాత్రం ఫోన్లో 'బాగున్నానురా' అంటూ వచ్చాడు. మరొకరి అత్తగారికి కాళ్ళ పొంగు. తొమ్మిది ఇళ్ళలో మూడు ఇళ్ళు మారిపోయి ఉన్నాయి.

ఇది గమనించండి. వలసపోయినవాడు అక్కడ జ్వరం వస్తే ఇంటికి చెప్పడు. ఇంట్లోవాళ్ళు ఇక్కడ కాళ్ళు పొంగితే వాడికి చెప్పరు. ఒకరి మీద ఒకరికున్న ప్రేమే అడ్డుగోడ అవుతున్నది. ఆ గోడ చాటున జబ్బు హాయిగా పెరుగుతున్నది.

మేము అందరమూ ఒక మాట అనుకున్నాము. ఇంట్లో పెద్దవాళ్ళవే కాదు, మన తొమ్మిది మంది రక్తం కూడా చూపించుకోవాలని. ఇద్దరు నవ్వారు. అయినా వచ్చారు. చీటీలు వచ్చాయి. ఏడుగురికి బాగానే ఉంది. మాకు కూడా బాగుంది. ఒకరికి కొంచెం ఎక్కువ ఉంది, మళ్ళీ చూడమన్నారు. తల్లికి సెల్‌ఫోను కొన్న ఇరవై ఆరేళ్ళ కుర్రవాడికి 1.9 వచ్చింది.

వాడు చెన్నైలో స్లాబు మీద ఇనుము కట్టే పని చేస్తాడు. ఎండకు కాలిన ఊచలు. నీళ్ళ డ్రమ్ము ఏడు అంతస్తుల కింద. మూడు నెలలు ఆగి మళ్ళీ పరీక్ష చేస్తే గాని దీర్ఘకాలిక జబ్బో కాదో చెప్పలేమనీ, అంతవరకూ ఎండలో బరువు పని వద్దనీ డాక్టరు అన్నాడు. వాడు మా వంక తిరిగి అడిగాడు:

"నాను ఎల్లకపోతే చెల్లి పెళ్ళికి చేసిన అప్పు ఎవులు తీరుస్తారన్నా?"

దానికి మా దగ్గర జవాబు లేదు. నినాదం ఉంది, జవాబు లేదు. రెండు రోజులు ఆలోచించాము. చివరికి చెన్నైలో అదే మేస్త్రీతో మిగతావాళ్ళందరూ కలిసి మాట్లాడారు. వాడిని స్లాబు మీది నుంచి దించి కింద సామాను లెక్క చూసే పనిలో పెట్టించారు. రోజుకు రెండు వందలు కూలి తగ్గింది. నీడ దొరికింది. ఒక్కడు అడిగి ఉంటే 'పోరా' అనేవాడు. ఎనిమిది మంది అడిగారు గనుక ఒప్పుకున్నాడు. తర్వాత పరీక్షలో 1.7 వచ్చింది. పూర్తిగా తగ్గలేదు. కాని పెరగలేదు.

సాధించుకున్నవి, సాధించవలసినవి

ఉద్దానం జనం ఏళ్ళ తరబడి మొత్తుకున్నందువల్ల కొన్ని వచ్చాయి. అవి రాలేదని అనము. 2019లో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ప్రకటించారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే రోజు హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానంలోని 800కు పైగా ఊళ్ళకు తెచ్చే సుమారు 700 కోట్ల రూపాయల మంచినీటి పథకం కూడా మొదలైంది. ఇవి ఎవరి దయా కాదు. మందస జమీందారీ రైతు పోరాటంలో 1940లో తూటాకు గుండె చూపిన వీరగున్నమ్మ నేల ఇది. 2010 జూలై 14న సోంపేట బీల నీటి కోసం ప్రాణాలిచ్చిన నేల ఇది. అడిగితేనే ఇక్కడ ఏదైనా వచ్చింది.

అయితే డయాలసిస్ దాకా వచ్చినవాడికి మంచం ఇవ్వడం ఒక ఎత్తు. అక్కడి దాకా రాకుండా ఆపడం ఇంకొక ఎత్తు. డయాలసిస్ అంటే సాధారణంగా వారానికి రెండు మూడు సార్లు, సారికి నాలుగు గంటలు. రానూపోనూ కలుపుకుంటే ఆ రోజు మొత్తం పోయినట్టే. వెంట ఒక మనిషి. అంటే ఒక్క రోగి మంచం మీద పడుకుంటే ఇంట్లో రెండు కూలీలు పోతాయి. పింఛను ఆ లోటును పూర్తిగా పూడ్చదు. అందుకే మన పోరాటం రెండో ఎత్తు మీద ఎక్కువ సాగాలి.

వలస కూలీల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, నియమించేటప్పుడు స్థానభ్రంశ భత్యం, ప్రయాణ భత్యం ఇవ్వాలని చెప్పింది. ఆ చట్టాన్ని తనలో కలుపుకున్న 2020 నాటి కార్మిక కోడ్‌లో స్థానభ్రంశ భత్యం లేదు. కాగితం మీద ఉన్నప్పుడూ మన కూలీలకు అది అందింది తక్కువే. ఇప్పుడు అడగడానికి కాగితం కూడా లేకుండా పోయింది.

సంఘం శాఖలు చేయవలసిన పనులు

మా అనుభవం నుంచి కొన్ని మాటలు శాఖల ముందు పెడుతున్నాము.

ఒకటి. కార్యకర్త ఇంటి నుంచే మొదలు పెట్టాలి. తన ఇంట్లో అందరి రక్తం చూపించి, ఆ తర్వాత పక్క గడప ఎక్కాలి. లేకపోతే మా వదిన మమ్మల్ని అడిగిన మాటే ఊళ్ళో వాళ్ళూ అడుగుతారు.

రెండు. సంక్రాంతికి, దసరాకు వలసపోయినవాళ్ళు ఊరికొస్తారు. ఆ నాలుగు రోజుల్లోనే వచ్చినవాళ్ళకూ, ఉన్నవాళ్ళకూ కలిపి క్రియాటినిన్ పరీక్ష జరిగేట్టు ఆశ కార్యకర్తతో, ఎ.ఎన్.ఎం.తో ముందుగానే మాట్లాడి ఏర్పాటు చేయించాలి. చీటీలు పారేయకుండా ఒక సంచిలో దాచాలి. ఈసారి వచ్చిన అంకె పక్కన కిందటిసారి అంకె పెట్టి చూస్తేనే జబ్బు నడక తెలుస్తుంది.

మూడు. కూలి రేటు మాట్లాడేటప్పుడే నీళ్ళు, నీడ, విశ్రాంతి, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కూడా మాట్లాడాలి. వీటిని 'తర్వాత చూద్దాం' కోర్కెల్లో వేయరాదు. కూలి పది రూపాయలు పెరిగి కిడ్నీ పోతే ఏం లాభం?

నాలుగు. పనిలోకి దిగే ముందే నీళ్ళు తాగడం, పని మధ్యలో మాటిమాటికీ తాగడం అలవాటు చేయాలి. అయితే జబ్బు వచ్చినవాళ్ళు ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి. ఎవరికీ సొంత వైద్యం పనికిరాదు.

ఐదు. ఫోన్లో 'బాగున్నాం' అనే అబద్ధం మానాలి. దూరాన ఉన్నవాడు బాధపడతాడని దాస్తే తర్వాత రెట్టింపు బాధ పడవలసి వస్తుంది.

ఇది రాస్తున్న నాటికి మేము రైలు దిగి ఏడాది దాటింది. మా వదినకు మొన్నటి చీటీలో 3.2 వచ్చింది. నయం కాలేదు. అవుతుందని డాక్టరు ఎప్పుడూ చెప్పలేదు. గోలీలు మానింది. ఎండు చేప మానింది. కాళ్ళ పొంగు తగ్గింది. డయాలసిస్ అవసరం ఇంకా రాలేదు. నెల నెలా వెళ్ళి చూపించుకుని వస్తున్నది. జీడి షెడ్డుకు పోవడం మానేసింది. దాంతో ఇంట్లో ఒక కూలి తగ్గింది. ఆ కటకట మా పొయ్యి దగ్గర రోజూ తెలుస్తూనే ఉంది.

అయితే షెడ్డుకు పోవడం మానిందే గాని షెడ్డు ఆడవాళ్ళను వదల్లేదు. కిందటి నెలలో పదకొండు మందిని వెంటబెట్టుకుని రక్త పరీక్షకు తీసుకుపోయింది. వాళ్ళలో ఇద్దరికి ఎక్కువ వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు ఆ పదకొండు మందీ నేరుగా ఇళ్ళకు పోలేదు. షెడ్డు యజమాని ఇంటి ముందు ఆగి, నీళ్ళ కుండా, దొడ్డీ పెట్టించేదాకా పనిలోకి రామని చెప్పి వచ్చారు. మూడో రోజుకు కుండ వచ్చింది. దొడ్డి ఇంకా రాలేదు.

మొన్న మేము మళ్ళీ సంఘం పని మీద ఊరు దాటి పోతుంటే వదిన గడప దాటి వీధి చివరి దాకా వచ్చింది. "ఎల్లు బావూ. ఆ దొడ్డి సంగతి మేం చూసుకుంటాం. నువ్వు ఎల్లిన కాడ మాత్రం ముందు ఆడోల్ని అడుగు, నీల్లు తాగుతున్నారా లేదా అని" అన్నది.

ఐదు నెలలు తిరిగి మేము నేర్చుకోని పాఠం మా అరుగు మీదే ఉంది. ఇక ఏ ఊరికి పోయినా మొదటి ప్రశ్న అదే అడుగుతున్నాము.